పద్నాలుగు గోల్స్ వెనకాల ఫ్రాంక్ మెక్‌గీ

(ఒట్టావాలో శీతాకాలంలో జరిగిన ఒక తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు చాలావరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఇంత చలిలో పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు, చాలా సంతోషం. పిల్లల్లో సగంమంది రేపు పొద్దున్నే రింక్‌కి వెళ్ళాలని నాకు తెలుసు, అందుకని ఎక్కువసేపు పట్టుకోను.

ఇండియా నుంచి ఈమధ్యే వచ్చిన పెద్దవాళ్ళు ముందు వరసలో ఉన్నారు. వాళ్ళకోసం ఒక్క ముక్క. మనకి హాకీ అంటే ధ్యాన్‌చంద్, గడ్డి మైదానం, తెల్ల బంతి. ఇక్కడ హాకీ అంటే మంచు మీద ఆడేది. బంతి ఉండదు, పక్ ఉంటుంది. నల్లటి గట్టి రబ్బరు బిళ్ళ. మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం, 160 గ్రాములు అటూ ఇటూ బరువు. ఆ బిళ్ళ బరువు గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరమవుతుంది.

నేను ఇవాళ చెప్పబోయే మనిషి మన ఊరివాడే. ఒట్టావాలో 1882లో పుట్టాడు, ఇక్కడే పెరిగాడు, ఇక్కడే ఆడాడు. పేరు ఫ్రాంక్ మెక్‌గీ. హాకీ తెలిసిన వాళ్ళెవరినైనా అడగండి, ఆయన గురించి ఒక్క అంకె చెప్తారు. పద్నాలుగు. ఇక్కడి హాకీలో అన్నిటికన్నా పెద్ద కప్పు స్టాన్లీ కప్, దానికోసం జరిగిన ఒక్క ఆటలో పద్నాలుగు గోల్స్ కొట్టాడు. నూట ఇరవై ఏళ్ళు దాటినా ఆ రికార్డు దగ్గరికి ఎవరూ రాలేదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో, అంటే ఇప్పటి నేషనల్ హాకీ లీగ్‌లో, ఒక ఆటలో ఎక్కువ గోల్స్ ఏడు, 1920లో జో మలోన్ కొట్టాడు. అంటే దానికి సరిగ్గా రెట్టింపు. నిజమే, పెద్ద అంకె. కానీ నన్నడిగితే మెక్‌గీ ఆడిన గొప్ప ఆటల్లో దానికి ఆఖరి స్థానమే ఇస్తాను. ఎందుకో చెప్తాను.

ముందు ఆయన ఇంటి సంగతి. స్పార్క్స్ స్ట్రీట్‌లో మీరందరూ తిరిగే ఉంటారు. 1868 ఏప్రిల్‌లో ఒక అర్ధరాత్రి, పార్లమెంటు సమావేశం ముగించుకుని బసకి చేరిన ఒక ఎంపీని ఆ వీధిలోనే గుమ్మం దగ్గర కాల్చి చంపారు. ఆయన థామస్ డార్సీ మెక్‌గీ. కెనడా అనే దేశం ఏర్పడడానికి మూలపురుషుల్లో ఒకడు, మంచి వక్త, కవి. పార్లమెంట్ హిల్ మీద ఆయన విగ్రహం ఉంది. ఫ్రాంక్‌కి ఆయన పెదనాన్న వరస. ఫ్రాంక్ తండ్రి జాన్ జోసెఫ్ మెక్‌గీ ప్రివీ కౌన్సిల్ క్లర్క్‌గా పనిచేశాడు. క్లర్క్ అనగానే గుమాస్తా అనుకునేరు, మన లెక్కలో కేబినెట్ సెక్రటరీ. ప్రధానమంత్రి గది తలుపు తట్టే హోదా. మన కుర్రాడు అలాంటి ఇంట్లో పుట్టాడు. ఈ ముక్క ఎందుకు చెప్తున్నానంటే, అమెచ్యూర్, అంటే డబ్బు తీసుకోకుండా ఆడే ఆటగాడు, అనే మాటకీ ఆ రోజుల్లో ఇంటి పరిస్థితికీ చాలా దగ్గర సంబంధం ఉంది. ఆ సంగతికి వస్తాను.

అప్పటి ఆట ఇప్పటిలా ఉండేది కాదు. జట్టుకి ఏడుగురు. ఏడోవాణ్ణి రోవర్ అనేవాళ్ళు, వాడు ముందుకీ వెనక్కీ అవసరాన్ని బట్టి తిరుగుతుంటాడు. ముప్పై నిమిషాల చొప్పున రెండు భాగాలు. మొదలుపెట్టిన ఏడుగురే చివరిదాకా ఆడాలి. ఇప్పటిలా నిమిషానికోసారి బెంచి మీదకొచ్చి ఊపిరి పీల్చుకునే వీల్లేదు. పక్‌ని ముందున్న మనిషికి అందించకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. అంటే గోల్ కొట్టాలంటే పక్‌ని స్టిక్‌కి అంటిపెట్టుకుని, ఎదురొచ్చే వాళ్ళందరినీ తప్పించుకుంటూ నువ్వే మోసుకెళ్ళాలి. గోలీ, అంటే గోల్‌కీపర్, మోకాళ్ళ మీద పడకూడదు, నిలబడే ఆపాలి. హెల్మెట్ అనేదే లేదు. స్టిక్‌తో ఎదుటివాడి నెత్తి మీద కొట్టడం నేరమే, కానీ అరుదు కాదు.

మెక్‌గీ ఐదడుగుల ఆరంగుళాల మనిషి. బక్కపలచగా ఉంటాడు. జుట్టు చక్కగా దువ్వుకుని, తెల్ల ప్యాంటు ఇస్త్రీ చేయించుకుని దిగేవాడని చెప్తారు. చూడడానికి గవర్నర్ జనరల్ గారి విందుకి వెళ్తున్నట్టు ఉండేవాడేమో! హాకీతో పాటు రగ్బీ ఫుట్‌బాల్ కూడా ఆడేవాడు. సన్నగా ఉన్నాడని మీద పడితే వాళ్ళే కింద పడేవాళ్ళట.

ఇక అసలు దెబ్బ. 1900 మార్చి. ఇక్కడికి తూర్పున నది పక్కనే హాక్స్‌బరీ ఉంది కదా, మాంట్రియల్ వెళ్ళేదారిలో. దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్ళిన సైనికుల కోసం విరాళాలు పోగుచెయ్యడానికి అక్కడ ఒక ఆట పెట్టారు. మెక్‌గీకి పద్దెనిమిదేళ్ళు కూడా నిండలేదు. ఆ ఆటలో ఎడమ కంటికి దెబ్బ తగిలింది. ఇందాక చెప్పిన ఆ రబ్బరు బిళ్ళే తగిలిందని ఎక్కువమంది రాశారు, స్టిక్ అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ కంటితో చూపు పోయింది. మొత్తం పోయిందా, మసక మిగిలిందా అని చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటారు.

ఎవరైనా ఏం చేస్తారు? మానేస్తారు. ఆయనా మానేశాడు. కొంతకాలం రిఫరీగా ఉన్నాడు. విజిల్ పట్టుకుని వేరేవాళ్ళు ఆడుతుంటే చూడడం అంటే ఆట పిచ్చి ఉన్నవాడికి ఎంత నరకమో ఆలోచించండి. 1903 జనవరిలో తిరిగొచ్చాడు. ఒట్టావా హాకీ క్లబ్ తరఫున మొదటి ఆట, మాంట్రియల్ మీద. వచ్చిన రోజే రెండు గోల్స్.

ఒంటికన్నుతో ఆడడం అంటే ఏమిటో పిల్లలు ఇప్పుడే చూడొచ్చు. ఒక కన్ను మూసుకుని, రెండు చేతులూ చాచి, రెండు చూపుడువేళ్ళ కొసలు ఎదురెదురుగా కలపండి. చూశారా, కొంతమందికి తప్పిపోయింది. (నవ్వులు) దూరం ఎంతో కన్ను ఒక్కటే చెప్పలేదు. పైగా ఎడమ పక్కనుంచి ఎవడొస్తున్నాడో కనబడదు. మెక్‌గీ సెంటర్ ఆడేవాడు, నాలుగు వైపులనుంచీ మనుషులు మీదకొచ్చే చోటు. వీటన్నిటితో పాటు, రెండో కంటికి కూడా దెబ్బ తగిలితే బతుకంతా చీకటే అన్న సంగతి తెలిసి దిగేవాడు. ఇంట్లో తల్లి ఎలా ఒప్పుకుందో నాకు అర్థం కాదు.

ఆ 1903 మార్చిలోనే ఒట్టావా స్టాన్లీ కప్ గెలిచింది. మాంట్రియల్ విక్టోరియాస్ మీద మొదటి ఆట 1-1, రెండోది 8-0. ఆ ఎనిమిదింటిలో ఐదు గిల్మర్ అన్నదమ్ములవి, మూడు మెక్‌గీవి. ఇప్పుడు స్టాన్లీ కప్ అంటే ఎన్‌హెచ్‌ఎల్ జట్లు ఏడాదికోసారి ఆడుకునేది. అప్పుడు అలా కాదు. 1892లో గవర్నర్ జనరల్ లార్డ్ స్టాన్లీ ఒక వెండి గిన్నె ఇచ్చాడు, దేశంలో మంచి అమెచ్యూర్ జట్టు దగ్గర ఉండాలని. ఎవరి దగ్గర ఉంటే వాళ్ళని దేశంలో ఏ మూలనుంచైనా, ఏ జట్టైనా సవాలు చెయ్యొచ్చు, ధర్మకర్తలు ఇద్దరు ఒప్పుకుంటే చాలు. అందుకే ఒట్టావా వాళ్ళు ఒక్కో చలికాలంలో రెండుమూడు సార్లు కప్పుని కాపాడుకోవాల్సి వచ్చేది. లాన్స్‌డౌన్ పార్కులో గుమ్మటం ఉన్న అబర్డీన్ పెవిలియన్ ఉంది కదా, మనవాళ్ళు ఫార్మర్స్ మార్కెట్‌కి వెళ్ళి ఫోటోలు దిగుతారు, అందులో కూడా 1904 మొదట్లో స్టాన్లీ కప్ పోటీ జరిగింది, విన్నిపెగ్ వాళ్ళతో. పశువుల ప్రదర్శనకి కట్టిన భవనం అది. కప్పు పోటీ జరిగిన భవనాల్లో ఇప్పటికీ నిలబడి ఉన్నవాటిలో అదే పాతది. ఈసారి వెళ్ళినప్పుడు సమోసా తింటూ ఒకసారి పైకి చూడండి.

1903లో గెలిచాక జట్టు మేనేజర్ బాబ్ షిల్లింగ్టన్ ఒక్కో ఆటగాడికి ఒక్కో వెండి ముద్ద ఇచ్చాడు. ఆయనకి గనుల వ్యాపారంతో సంబంధం ఉండేది. ఒట్టావా జట్టుకి సిల్వర్ సెవెన్ అనే పేరు దాన్నుంచే వచ్చిందని ఆ జట్టులో ఆడిన హ్యారీ వెస్ట్‌విక్ ముసలితనంలో చెప్పుకున్నాడు. డబ్బు ఇవ్వకుండా వెండి ఎందుకు ఇచ్చారు? డబ్బిస్తే వాళ్ళు అమెచ్యూర్లు కాకుండా పోతారు. మన పెళ్ళిళ్ళలో “కట్నం మాత్రం వద్దండీ, మీ అమ్మాయికి మీరు పెట్టుకునేది మీ ఇష్టం” అంటారే, సరిగ్గా ఆ లెక్క. (నవ్వులు)

ఈ అమెచ్యూర్ గొడవ గురించి కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను, ఎందుకంటే మెక్‌గీ బతుకు మొత్తం దానిలోనే ఇమిడి ఉంది. ఆట ఆడి డబ్బు తీసుకోవడం పెద్దమనిషి చెయ్యని పని అని ఆ రోజుల్లో పెద్ద కుటుంబాల నమ్మకం. ఇంగ్లండ్ నుంచి వచ్చిన నమ్మకం అది. ఒంటారియో హాకీ సంఘానికి అధ్యక్షుడిగా ఉన్న జాన్ రాస్ రాబర్ట్‌సన్ ఈ విషయంలో పరమ నిక్కచ్చి. ఎవరైనా డబ్బు తీసుకున్నారని అనుమానం వస్తే చాలు, సంఘం వాళ్ళని వెలేసేది. సరే, వినడానికి బాగానే ఉంది. కానీ సోమవారం పొద్దున మిల్లులో పనికి వెళ్ళాల్సినవాడు, శనివారం మాంట్రియల్‌లో ఆట ఆడి, చెయ్యి విరగ్గొట్టుకొస్తే ఆ నెల ఇల్లు ఎవరు నడుపుతారు? కేబినెట్ సెక్రటరీ కొడుకు నడుపుకోగలడు. అందరూ నడుపుకోలేరు. ఆట మీద ప్రేమతో మాత్రమే ఆడాలి అనే నియమం పెట్టినవాళ్ళకి తిండికి లోటు లేదు. నాకు ఇందులో మెక్‌గీ మీద కోపమేమీ లేదు, నియమం మీదే కోపం. మన ధ్యాన్‌చంద్ కూడా అమెచ్యూరే కదా. ఆయనకి సైన్యంలో జీతం వచ్చేది కాబట్టి ఆడగలిగాడు.

1904లో సరిహద్దు దాటితే మిషిగన్‌లో గిబ్సన్ అనే పళ్ళ డాక్టరు బాహాటంగా జీతాలిచ్చే లీగ్ పెట్టించాడు. ఇక్కడి ఆటగాళ్ళు చాలామంది అటు వెళ్ళిపోయారు. మెక్‌గీ వెళ్ళలేదు.

ఇప్పుడు ఆ పద్నాలుగు గోల్స్ దగ్గరికి వద్దాం.

యూకాన్ ప్రాంతంలో డాసన్ సిటీ అని ఒక ఊరు. 1890లలో బంగారం దొరికిందని లోకమంతా పరుగెత్తిన క్లోండైక్ అదే. అక్కడ జో బాయిల్ అనే గనుల ఆసామి ఉండేవాడు. ఆయన ఒక జట్టుని కూడగట్టి స్టాన్లీ కప్‌కి సవాలు విసిరాడు. ధర్మకర్తలు ఒప్పుకున్నారు. డాసన్ నుంచి ఒట్టావాకి దాదాపు 6,400 కిలోమీటర్లు. విమానాలు లేవు. 1904 డిసెంబరు 18, 19 తేదీల్లో బయల్దేరారు. మొదటి మజిలీ వైట్‌హార్స్, అదే 500 కిలోమీటర్ల పైన. కొందరు సైకిళ్ళెక్కారు, కొందరు నడిచారు. సైకిళ్ళు దారిలో పాడైపోయాయి, వాళ్ళూ నడిచారు. యూకాన్‌లో, డిసెంబరులో! మనం ఇక్కడ కారు ఇంజన్ వేడెక్కేదాకా బయటికి రాం. వైట్‌హార్స్ చేరేసరికి మంచు వల్ల రైలు ఆగిపోయింది. రైలు కదిలి స్కాగ్‌వే రేవుకి చేరేసరికి, కొద్ది గంటల తేడాలో ఓడ వెళ్ళిపోయింది. ఇంకో ఓడ కోసం రోజుల తరబడి పడిగాపులు. ఆ ఓడ సియాటిల్‌కి, అక్కడినుంచి వాంకూవర్‌కి, అక్కడినుంచి రైల్లో దేశమంతా దాటి 1905 జనవరి 11న ఒట్టావాలో దిగారు. మొదటి ఆట 13న. శుక్రవారం కూడాను.

కొన్ని రోజులు ఆట వాయిదా వెయ్యమని అడిగారు. ఒట్టావా వాళ్ళు విందు ఇచ్చారు, మర్యాద చేశారు, వాయిదా మాత్రం కుదరదన్నారు.

ఇంకో కష్టం కూడా ఉంది. వాళ్ళ జట్టులో అసలైన మొనగాడు వెల్డీ యంగ్, పూర్వం ఒట్టావాకే ఆడినవాడు. యూకాన్‌లో ప్రభుత్వ ఉద్యోగి. ఎన్నికల పని పడడంతో సమయానికి బయల్దేరలేకపోయాడు. ఎన్నికల డ్యూటీ ఎవరినీ వదలదు, మన టీచర్లకి బాగా తెలుసు. వాళ్ళ గోలీ ఆల్బర్ట్ ఫారెస్ట్ మీసాలు కూడా సరిగ్గా రాని కుర్రాడు.

మొదటి ఆట 9-2, ఒట్టావా గెలిచింది. మెక్‌గీ ఒక్కటే గోల్ కొట్టాడు. ఆయన గురించి ఏదో అనుకున్నాం, ఇంతేనా అని డాసన్ వాళ్ళలో ఎవరో నోరు జారారని చెప్తారు. నిజమో కాదో గాని, కథకి మాత్రం బాగా అతికింది. 16న రెండో ఆట. 23-2. మెక్‌గీవి పద్నాలుగు. అందులో ఎనిమిది వరసగా, తొమ్మిది నిమిషాలు పూర్తికాకుండానే కొట్టాడు. అన్నీ తిన్నా ఫారెస్ట్ బాగా ఆడాడని, ఆ కుర్రాడే లేకపోతే స్కోరు ఇంకెక్కడికి పోయేదోనని పత్రికలు మెచ్చుకున్నాయి. నాకు మాత్రం ఆ రాత్రి ఆటలో ఫారెస్ట్ మీదే మనసు పోతుంది. మూడు వారాలకు పైగా ప్రయాణం చేసొచ్చి, ఇరవైమూడు సార్లు వెనక్కి తిరిగి వలలోంచి పక్ తీసిచ్చిన కుర్రాడు వాడు.

అందుకే అన్నాను. కాళ్ళీడ్చుకుంటూ వచ్చిన జట్టు మీద కొట్టిన పద్నాలుగు గోల్స్‌తో ఒక మనిషిని కొలవకూడదు. అంతకు ఏడాది ముందు, 1904 ఫిబ్రవరిలో టొరంటో మార్ల్‌బరోస్ మీద ఒక ఆటలో ఐదు కొట్టాడు. అది ఎక్కువ.

ఇంకా ఎక్కువది, 1905 మార్చిలో జరిగింది.

ఒంటారియో పడమటి కొసన రాట్ పోర్టేజ్ అని చిన్న ఊరు. ఇప్పుడు కెనోరా అంటారు. కొద్దివేలమంది ఉండే ఊరు, కానీ అక్కడి జట్టు థిసిల్స్ అంటే హడల్. మెరుపువేగంతో స్కేటింగ్ చేసే కుర్రాళ్ళు, వాళ్ళకి టామీ ఫిలిప్స్ నాయకుడు. మొదటి ఆటకి మెక్‌గీ లేడు. థిసిల్స్ 9-3తో ఒట్టావాని వాళ్ళ ఊళ్ళోనే చితక్కొట్టారు. రెండో ఆటకి మంచు మీద నీళ్ళు చల్లి మెత్తబరిచారని, ఉప్పు చల్లారని గొడవలున్నాయి. వేగంగా ఆడేవాళ్ళని నెమ్మదింపజెయ్యడానికట. మన జట్టే కాబట్టి నేను వెనకేసుకురావాలి గాని, చేసే ఉంటారనే నా అనుమానం. 4-2తో ఒట్టావా గెలిచింది. చెరొకటి అయింది. మార్చి 11న మూడోది.

మెక్‌గీకి మణికట్టు ఎముక విరిగి ఉంది. ప్రత్యర్థికి ఆ సంగతి తెలిస్తే, మొదటి నిమిషంలోనే దాని మీద స్టిక్ పడుతుంది. అందుకని ఏం చేశారంటే, బాగున్న చేతికి లావుగా కట్టు కట్టారు. విరిగినది పైకి కనబడకుండా చూసుకున్నారు. థిసిల్స్ వాళ్ళు ఆటంతా బాగున్న చేతి మీద కొట్టుకుంటూ కూర్చున్నారు. (నవ్వులు, చప్పట్లు) ఒక కన్ను లేదు, ఒక మణికట్టు లేదు. 4-4 దగ్గర, ఆట ముగిసే ముందు గెలుపు గోల్ మెక్‌గీదే. 5-4. కప్పు ఒట్టావాలోనే ఉండిపోయింది.

గట్టి ప్రత్యర్థి, సమ ఉజ్జీ, ఒకే ఒక్క గోల్. పద్నాలుగు పక్కన పెట్టి నేను ఈ ఒక్కటే తీసుకుంటాను.

మరుసటి ఏడాదితో కథ ముగిసింది. 1906 మార్చిలో మాంట్రియల్ వాండరర్స్‌తో రెండు ఆటలు, మొత్తం గోల్స్ లెక్క. మాంట్రియల్‌లో 9-1తో ఓడిపోయారు. అంటే ఎనిమిది గోల్స్ వెనకబడి ఇంటికొచ్చారు. రెండో ఆటకి కొత్త గోలీ దిగాడు, పెర్సీ లెస్యూర్. ఎవరతను? కొద్దిరోజుల క్రితం ఇదే కప్పు కోసం ఒట్టావా మీద ఆడి ఓడిన స్మిత్స్ ఫాల్స్ జట్టు గోలీ! బాగా ఆపాడని తెచ్చేసుకున్నారు. అమెచ్యూర్ విలువలు! మార్చి 17 రాత్రి ఒట్టావా కొట్టుకుంటూ కొట్టుకుంటూ పోయి 9-1 చేసింది. మొత్తం 10-10. ఊరు ఊగిపోయింది. అప్పుడు వాండరర్స్‌లో లెస్టర్ పాట్రిక్ ఆఖర్లో రెండు గోల్స్ వేశాడు. 12-10. కప్పు పోయింది.

మెక్‌గీ ఆ తర్వాత మళ్ళీ ఆడలేదు. అప్పటికి ఇరవైమూడేళ్ళు. ప్రభుత్వంలో ఉద్యోగం, దానికీ ఆటల ప్రయాణాలకీ పొంతన కుదరకే మానేశాడని సాధారణంగా చెప్తారు. ఆ ఏడాది చివర్లోనే తూర్పు కెనడా లీగ్ జీతగాళ్ళనీ అమెచ్యూర్లనీ కలిపి ఆడనిచ్చింది. కొన్ని నెలలు ఆగి ఉంటే మెక్‌గీకి దేశంలో అందరికన్నా పెద్ద జీతం వచ్చేదేమో. ఆయన ఫైళ్ళ దగ్గరికి వెళ్ళిపోయాడు. ఈ హాల్లో ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు ఎంతమంది? ... ఓహో, చాలామందే ఉన్నారు. మీ పూర్వ సహోద్యోగి అన్నమాట.

మొత్తం లెక్క చూస్తే లీగ్ ఆటలు 23, వాటిలో గోల్స్ డెబ్భై దాకా. స్టాన్లీ కప్ ఆటలు 22, గోల్స్ 63. నాలుగు చలికాలాల ఆట.

1914లో యుద్ధం వచ్చింది. ముప్పై దాటిన మనిషి, ఒక కన్ను లేదు, పెద్ద ఉద్యోగం ఉంది. వెళ్ళనక్కర్లేదు. వెళ్ళాడు. కంటి పరీక్ష ఎలా దాటాడన్నదానికి కుటుంబంలో ఒక కథ ఉంది. ఒక కన్ను మూసి చదవమంటే, చూపులేని కన్ను మూసుకుని చదివాడట. రెండో కన్ను మూయమంటే, చెయ్యి మార్చి మళ్ళీ ఆ కన్నే మూసుకున్నాడట. ఒట్టావాలో మెక్‌గీ ఒంటికన్నువాడని తెలియని డాక్టరు ఉంటాడా? చూసీ చూడనట్టు సంతకం పెట్టి ఉంటాడని నా ఊహ.

21వ బెటాలియన్‌లో లెఫ్టినెంట్‌గా 1915లో సముద్రం దాటాడు. అదే ఏడాది మే నెలలో ఫెస్టూబెర్ దగ్గర తమ్ముడో అన్నో, చార్ల్స్ అనే తోబుట్టువు చనిపోయాడు. డిసెంబరులో ఫ్రాంక్ ఉన్న సాయుధ వాహనం పక్కన గుండు పేలి, మోకాలికి గాయమైంది. ఇంగ్లండ్‌లో చాలా నెలలు చికిత్స. కోలుకున్నాక హావ్ర్ రేవులో ఆఫీసు పని ఇస్తామన్నారు. వద్దని తన బెటాలియన్‌కే తిరిగి వెళ్ళాడు. 1916 సెప్టెంబరు 15న సోమ్ దగ్గర కూర్సెలెట్ మీద కెనడా సైన్యం దాడి చేసింది. ప్రపంచంలో మొదటిసారి ట్యాంకులు యుద్ధంలో దిగింది ఆ రోజునే. మర్నాడు, 16న, మెక్‌గీ చనిపోయాడు. శరీరం దొరకలేదు. ఫ్రాన్స్‌లో విమీ స్మారకం మీద, సమాధి లేని పదకొండు వేల పైచిలుకు కెనడా సైనికుల పేర్లలో ఆయన పేరూ ఉంది. యూరప్ వెళ్ళేవాళ్ళు ప్యారిస్‌లో ఈఫిల్ టవర్ చూసి వచ్చేస్తుంటారు. ఉత్తరాన కొంచెం దూరం వెళ్తే విమీ, వీలైతే చూడండి.

1945లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి మొదటిసారి పేర్లు ఎంపిక చేసినప్పుడు మెక్‌గీ పేరు ఉంది. రాట్ పోర్టేజ్ టామీ ఫిలిప్స్ పేరూ ఉంది, నాకు అది సంతోషం. అదే జాబితాలో హోబీ బేకర్ అనే అమెరికన్ కూడా ఉన్నాడు. ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో చదివి, న్యూయార్క్‌లో బ్యాంకులో పనిచేస్తూ సాయంత్రాలు ఆడేవాడు. డబ్బిచ్చి ఆడమని పిలిచినా వెళ్ళలేదు. యుద్ధంలో పైలట్ అయ్యాడు. 1918 డిసెంబరులో, యుద్ధం ఆగిపోయి నెల దాటాక, ఇంటికి పొమ్మన్న ఆర్డరు జేబులో పెట్టుకుని ఆఖరిసారి విమానం ఎక్కి కూలి చనిపోయాడు. మొదటి జాబితాలోని అమెచ్యూర్లలో ఇద్దరిని ఒకే యుద్ధం తీసుకుపోయింది.

నా మాటలు అయిపోయాయి. ఎవరైనా ఏమైనా అడగాలంటే అడగండి.

శ్రోత: కప్పుని రిడో కాలవలోకి తన్నారంటారు, అది ఈ జట్టేనా అండీ?

అవునండీ, ఈ జట్టు గురించే చెప్తారు. విందు అయ్యాక ఒకాయన, నేను ఈ కప్పుని కాలవ అవతలికి తన్నగలను అని పందెం వేశాడని, అది గడ్డకట్టిన కాలవ మీద పడిందని, మర్నాడు గుర్తొచ్చి వెళ్ళి తెచ్చుకున్నారని. ఏ రాత్రో, ఎవరి కాలో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెప్తారు. నమ్మాలనిపిస్తే నమ్మండి.

శ్రోత (ఒక అబ్బాయి): ఇప్పుడుంటే ఆయన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడేవాడా?

మంచి ప్రశ్న, బాబూ. ఆడనివ్వరు. ఒక కంటి చూపు పోయినవాళ్ళు ఆడకూడదని ఎన్‌హెచ్‌ఎల్‌లో నిబంధన ఉంది. ఎంత బాగా ఆడినా సరే. నా దృష్టిలో ఆ నిబంధన మంచిదే, ఆయన నా అభిమాన ఆటగాడైనా ఈ మాట అంటాను. 2013 నుంచి కొత్తగా లీగ్‌లోకి వచ్చే ఆటగాళ్ళకి హెల్మెట్‌కి కంటి అద్దం తప్పనిసరి చేశారు. నువ్వు ఆడే పిల్లల హాకీలో అయితే ముఖమంతా కప్పే జాలీ ఉండాల్సిందే కదా. టొరంటోలో టామ్ పాష్బీ అని ఒక కళ్ళ డాక్టరు ఉండేవాడు. హాకీలో కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ వివరాలన్నీ ఏళ్ళ తరబడి పోగుచేసి, ఇలాంటి జాలీలకి ప్రమాణాలు పెట్టించడంలో ఆయనదే పెద్ద చెయ్యి. ఉక్కగా ఉంటుంది, సరిగ్గా కనబడదు అని మీ అమ్మతో గొడవపడుతున్నావని ఇందాకే విన్నాను. అలవాటవుతుంది, తియ్యొద్దు.